గేటు బయట బ్రెజిల్

పదిరోజుల పాటు బ్రెజిల్ ఫుట్‌బాల్ వెంట తిరిగి వచ్చానని చెబితే మా విజయనగరంలో అందరూ ముందు వీసా సంగతి అడిగారు. వెళ్లింది బిలాస్‌పూర్ అని చెప్పాక ఇంకేమీ అడగలేదు. "రెండూ 'బ'తోనే కదా" అని సర్దుకోబోయాను. "బడాయి కూడా 'బ'తోనే" అంది మా ఆవిడ.

అయినా రాస్తున్నాను. బిలాస్‌పూర్ చూడనివాళ్లూ, బ్రెజిల్ చూడనివాళ్లూ మనలో చాలామంది ఉన్నారు. ఒకే టిక్కెట్టు మీద రెండూ చూసినవాణ్ణి నేనొక్కణ్ణే కావచ్చు. నిజంగా చూశానా అంటే, అది తర్వాత చెబుతాను.

కబురు పంపింది మా పార్వతక్క. అక్క పెళ్లై బిలాస్‌పూర్ వెళ్లేనాటికి నేను నిక్కర్లలో ఉన్నాను. సింహాచలం బావ రైలు డ్రైవరు. పోయినేడాది రిటైరై, రైల్వే క్వార్టర్ ఖాళీ చేసి, ఊరి శివార్లలో మోప్కాలో కట్టుకున్న సొంతింట్లోకి మారారు. సొంతిల్లు వచ్చిందని మేమంతా సంబరపడ్డాం. బావ మాత్రం మంచం దిగడం మానేశాడు. జబ్బేమీ లేదు. "గోడవేపు తిరిగి తొంగుంటాడ్రా. పెడితే తింటాడు, నేకపోతే నేదు" అని అక్క ఫోన్లో ఏడ్చిన రోజులు నాకు గుర్తే.

ఆ మనిషిని మంచం దింపింది బ్రెజిల్‌లో ఒక చిన్న ఫుట్‌బాల్ క్లబ్బు.

ఏప్రిల్లో ఒక తెల్లవారుజామున మా మేనకోడలు గీత టీవీలో ఏదో యాప్ తిప్పుతుంటే ఆట వచ్చింది. అక్కడ రాత్రి ఆడే ఆట మనకి పొద్దున్న ఆరింటికి పడుతుంది. ఇటుకరంగు చొక్కాలు, గుండె మీద బొగ్గింజను బొమ్మ. గోడవైపున్న బావ ఇటు తిరిగాడు. "ఎవులర్రా ఈళ్లు? మన షెడ్డోళ్లలాగున్నారు" అన్నాడట. నిజంగానే రైలింజన్ల షెడ్డోళ్లే. ఎప్పుడో అక్కడి రైల్వే కార్మికులు పెట్టుకున్న క్లబ్బది. దాని పేరు పలకడం నాకు రాదు, రాయడం అంతకన్నా రాదు. ఆ ఇంట్లో అందరూ 'షెడ్డు' అనే అంటారు. కొన్నాళ్లకి షెడ్డు ఆట ఉన్న ప్రతి పొద్దునా బావ లేవడం మొదలైంది.

డిసెంబరు వచ్చేసింది. సీజన్లో మిగిలినవి మూడాటలు. షెడ్డు పట్టికలో అడుగున ఉంది. "కింద లీగుకి దిగిపోతే ఈ యాప్‌లో రాదట్రా. ఆళ్లు దిగితే మీ బావ మళ్లీ మంచం ఎక్కేస్తాడు. నీకు ఆటలు తెలుసు కదా, ఓసారి రా" అంది అక్క.

నేను తెలుగు మాస్టారిని. డ్రిల్లు మాస్టారు సెలవు పెట్టినప్పుడు ఈల ఊదిన అనుభవం ఉంది. అక్క లెక్కలో అది చాలు.

రాయగడ దాటాక

రాయగడ వరకూ పెట్టెలో ఇడ్లీ వడ అరుపులు. దాటాక సమోసా అరుపులు. కొండల్లో చలి మొదలైంది, నేను మంకీ కేప్ తగిలించాను. ఎదురు సీటులో ఒక పెద్దావిడ పెళ్లికి వెళ్లి బిలాస్‌పూర్ తిరిగి వెళ్తోంది. ఒళ్లో తేగల కట్ట. నాకూ రెండు పెట్టింది.

"ఎవరి తాలూకు బాబూ?" అంది. మా వైపు ఈ ప్రశ్నకి ఊరూ ఇంటిపేరూ చెప్తాం. చెప్పాను. ఆవిడకి ఆనలేదు.

"అది కాదు. ఏ డిపార్ట్‌మెంట్ తాలూకు? లోకోనా, ట్రాఫిక్కా?"

"లోకో. మా బావ డ్రైవరు."

"అచ్ఛా! మరలా చెప్పవేం?" అని మరో తేగ ఇచ్చింది. బిలాస్‌పూర్ తెలుగువాళ్లంటే రైల్వేవాళ్లే, వాళ్లకి గోత్రం కన్నా ముందు డిపార్ట్‌మెంటు. ఈ మాట గుర్తుంచుకోండి, రతన్‌పూర్‌లో పనికొస్తుంది.

ఎందుకు వెళ్తున్నావని అడిగితే ఫుట్‌బాల్ కోసమన్నాను. ఆవిడ నా పొట్టవైపు చూసి, "ఆడ్డానికా?" అంది. చూడ్డానికన్నాను. ఆ మాట కూడా నిజం కాదని అప్పటికి నాకు తెలీదు.

మోప్కా

స్టేషన్ నుంచి గీత స్కూటీ మీద తీసుకెళ్లింది. "మామయ్యా, పక్‌డో గట్టిగా. రోడ్ ఖరాబ్ ఉంది" అంటూ నా మోకాళ్లను రెండు లారీల మధ్యనుంచి బతికించింది. మోప్కాలో ఒక పక్క కోసిన వరిచేలు, ఇంకో పక్క సగం లేచిన ఇళ్లు. స్లాబుల మీద ఊచలు ఆకాశంలోకి నిలబడి ఉన్నాయి, పై అంతస్తు ఎప్పుడో ఒకప్పుడు రాకపోతుందా అన్నట్టు. బావ వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో ఉన్నాడు. "వచ్చావా మాస్టారూ" అన్నాడు. అన్నం తిని పడుకునేదాకా అంతే.

మర్నాడు తెల్లారకుండానే గేటు గొళ్లెం టకటకా కొట్టుకుంది. ఆ వెంటనే అక్క గొంతు, అదీ బయటినుంచి: "సింహాచలం డ్రైవర్‌గారూ! కాల్!"

నేను దుప్పట్లో లేచి కూర్చున్నాను. మా అక్క బావని పేరుపెట్టి పిలవడం నేనెన్నడూ వినలేదు. మా ఇళ్లలో ఆ అలవాటే లేదు. రేషన్ షాపులో పేరడిగినా, "నరసింహస్వామి కొండ పేరు" అని చెప్పేది.

లోపల్నుంచి బావ గొంతు: "లేచాను."

టీ తాగేటప్పుడు అక్క చెప్పింది. పాతకాలంలో డ్రైవరుకి డ్యూటీ పడితే షెడ్డు నుంచి కాల్ బాయ్ వచ్చేవాడు. బాయ్ అంటారు గానీ ఆ మనిషికి నెరిసిన మీసాలుండేవట. గేటు కొట్టి పేరు పిలిచేవాడు. లోపల్నుంచి "లేచాను" అనే మాట వినేదాకా కదిలేవాడు కాదు. తర్వాత అదంతా ఫోన్లోకి మారింది. రిటైరయ్యాక అదీ లేదు. "ఊరికే నెగమంటే నెగడ్రా. మొదట్లో ఆట ఉన్నా నెగిసేవోడు కాదు. ఓ రోజు విసుగెత్తి బయటికెళ్లి గేటు కొట్టేను. కాల్ అన్నాను. దెబ్బకి లేచేడు."

"పేరు ఎలా వచ్చింది నోట్లోకి?"

"నేను పిలవడంనేదు కదేటి. కాల్ బాయ్ పిలుస్తన్నాడు" అని అక్క మూతి తిప్పుకుని వంటింట్లోకి వెళ్లింది. చెవులు ఎర్రబడ్డాయి.

మొదటి ఆట

ఆరింటికి ముందే ఊళ్లో తోర్వా పేట నుంచి సాహూజీ మోపెడ్ మీద వచ్చాడు. రిటైరైన గార్డు, ఛత్తీస్‌గఢ్ మనిషి, తెలుగు బాగానే వచ్చు. ఏళ్ల తరబడి ఆయనా బావా ఒకే గూడ్సు మీద డ్యూటీ చేశారు, బావ ముందూ సాహూజీ ఆఖరునూ. మధ్యలో యాభై పెట్టెల బొగ్గు. అందుకేనేమో సోఫాలో కూడా ఈ కొసన ఒకరూ ఆ కొసన ఒకరూ కూర్చుంటారు. మధ్య ఖాళీలో నన్ను కూర్చోబెట్టారు. బొగ్గు స్థానం నాకు దక్కింది.

బావకి ఆటగాళ్ల పేర్లు నోరు తిరగవు. గోల్‌కీపరు 'గేట్‌మేన్'. ముందు ఆడే పొడుగాటి కుర్రాడు 'ఖలాసీ', ఇంజను కింద పనిచేసే కూలీలా మాటిమాటికీ మోకాళ్ల మీద పడతాడు గనక. సీజనంతా అక్కకి కంఠతా వచ్చు, కానీ ఆవిడ పంచాంగం వేరు. "ఆవకాయ పెట్టిన్నాడు ఓడిపోయేరు. గీతకి జొరం వొచ్చినప్పుడు గెలిచేరు. అప్పట్నుంచి గీతకి జొరం రానేదు, ఆళ్లు గెలవనేదు."

పాలబ్బాయి గేటు దగ్గర బెల్లు కొట్టాడు. అందరి కళ్లూ తెర మీదే ఉన్నాయి కదా అని నేను గిన్నె పట్టుకెళ్లాను. పాలు పోయించుకుంటుండగా ఇంట్లో పైకప్పు లేచిపోయేంత కేక. గిన్నెతో పరుగెత్తుకొచ్చాను, సగం పాలు చొక్కా మీద. తెర మీద ఇటుకరంగు వాళ్లు ఒకరి మీద ఒకరు పడి ఉన్నారు. నేను అలా కూర్చున్నానో లేదో, అవతలివాళ్లు గోల్ కొట్టేశారు.

సాహూజీ నా వైపు నెమ్మదిగా తిరిగాడు. రైలు వెనక పెట్టెలో ఏదో వాసన పట్టినవాడిలా చూశాడు.

"మాస్టర్‌జీ, మీరు ఒకసారి బయటికి వెళ్తారా?"

వెళ్లాను. గేటు బయట నిలబడ్డాను. చలి. ఎదురింటి కుక్కా నేనూ ఒకరినొకరు చూసుకున్నాం. కాసేపటికి మళ్లీ కేక. షెడ్డు గెలిచింది. లోపలికి రమ్మన్నప్పుడు బావ ముఖం చూశాను. అక్క పెళ్లినాటి ఫొటోలో ఉన్న ముఖం అది.

"మాస్టారూ," అన్నాడు బావ, "నువ్వు భలే పనికొస్తావు. బయట."

తోర్వా

గెలిచిన మర్నాడు సాహూజీ తోర్వాలో వాళ్లింటికి టిఫినుకి పిలిచాడు. బియ్యప్పిండితో పోసే చీలా, టమాటా పచ్చడి. మన అట్టుకి దగ్గరి చుట్టమే గాని పప్పు పడదు, పలచగా మెత్తగా ఉంటుంది. నేను పెసరట్టు గొప్పలు చెప్పబోయి నాలుగో చీలాతో ఊరుకున్నాను. సాహూజీ భార్య ఇంకోటి వేస్తూ భర్తతో హిందీలో ఏదో అంది. ఆయన నవ్వుతూ తెలుగులో చెప్పాడు: "ఈ మనిషిని సంక్రాంతి దాకా బయటే ఉంచుకోకూడదా అంటోంది."

అటునుంచి బజారులో పోహా, జిలేబీ తిన్నాం. కారం అటుకుల పక్కన వేడి జిలేబీ పెట్టి ఇస్తారు, ప్లేటు ముప్పై. అటుకులు మనకి కృష్ణాష్టమి సరుకు. ఇక్కడ రోజూ పొద్దున్న అష్టమే. పోహా బండి మనిషి నన్ను తేరిపార చూసి సాహూజీని అడిగాడు: "బాహర్ వాలే మాస్టర్‌జీ యహీ హై క్యా?" బయట నిలబడే మాస్టారు ఈయనేనా అని. ముప్పై ఏళ్లు బడిలో పిల్లల్ని బయట నిలబెట్టాను. ఆ ఖ్యాతి ఇలా వచ్చింది.

రెండో ఆటకి నేను మొదటినుంచే గేటు బయట. అక్క శాలువా కప్పి, ఫ్లాస్కులో టీ ఇచ్చి పంపింది. పొద్దున్న నడకకి వెళ్తున్న ఒకాయన ఆగి, ఇంట్లోంచి వెళ్లగొట్టారా అని హిందీలో జాలిగా అడిగాడు. ఆటకి నా అవసరం పడిందన్నాను. ఆయన తల ఊపి కాస్త తొందరగా నడిచాడు.

ఆ రోజు ఒక కేక వినిపించింది, కాసేపటికి ఒక నిట్టూర్పు. చెరొక గోలూ కొట్టి సమంగా ముగిసింది. నా దాకా వచ్చేది గోల్ కాదు, గోలే. అయినా గోలని బట్టి గోల్ ఎలాంటిదో పోల్చడం అలవాటైంది. సాహూజీ చప్పట్లైతే పెనాల్టీ. బావ సోఫా చెయ్యి గుద్దితే తలతో కొట్టింది. అక్క "అమ్మా" అంటే అవతలివాళ్లది.

గీత లెక్క వేసి చెప్పింది. "లాస్ట్ మేచ్ గెలవాలి మామయ్యా. డ్రా అయినా దిగిపోతారు." వంటింట్లోంచి అక్క గరిటె పట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడింది. బావ వరండాలోకి వెళ్లి చాలాసేపు దూరంగా వినబడే గూడ్సు కూత వింటూ కూర్చున్నాడు.

రతన్‌పూర్

చివరి ఆటకి ముందురోజు బస్సెక్కి రతన్‌పూర్ అమ్మవారి దగ్గరికి వెళ్లాం, బావా సాహూజీ నేనూ. చెరువులు, పాత రాళ్లు, కొబ్బరికాయల దుకాణాలు. మన గుళ్లలో ముందు కాయ కొట్టించి తర్వాత అడుగుతాం. ఇక్కడ ఎర్రగుడ్డలో కాయ చుట్టి ఇస్తారు, కొట్టకుండా.

పంతులు పూజ ఎవరి పేరు మీదని అడిగాడు. బావ చేతులు కట్టుకుని, "షెడ్డు" అన్నాడు.

"పూరా నామ్?"

బావ జేబులోంచి చీటీ తీసి, గీత రాసిచ్చిన క్లబ్బు పేరు కూడబలుక్కుని చదివాడు. పంతులు రెండుసార్లు చెవి ఒగ్గాడు. ఎక్కడివాళ్లని అడిగితే బ్రెజిల్ అన్నాడు సాహూజీ. పంతులు చలించలేదు. అమ్మవారి దగ్గరికి ఎక్కడెక్కడి వాళ్లో వస్తారు.

"గోత్ర్?"

బావ సాహూజీ వైపు చూశాడు. సాహూజీ నా వైపు చూశాడు. నాకు రైల్లో పెద్దావిడ గుర్తొచ్చింది. "లోకో" అన్నాను.

"లోకో గోత్ర్" అని పంతులు గంభీరంగా మంత్రంలో కలిపేశాడు. బావ కళ్లు మూసుకున్నాడు. మూసిన రెప్పల కింద తడి నాకు కనబడింది. నవ్వుదామని తెరిచిన నోరు మూసుకున్నాను.

తిరుగు బస్సులో బావ ఉన్నట్టుండి అన్నాడు: "ఆ బ్రెజిల్ షెడ్డోళ్ల ఊళ్లో ఇప్పుడు పేసింజరు బండి నేదట మాస్టారూ. గీత చూపించింది. స్టేషనుంది, షెడ్డుంది, బండి నేదు. ఈ టీమొక్కటే మిగిలింది. ఇదీ దిగిపోతే ఇంకేటుంది ఆళ్లకి?"

ఆళ్లకి అన్నాడు. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

చివరి ఆట

గేటు గొళ్లెం, "డ్రైవర్‌గారూ, కాల్!", "లేచాను." అన్నీ వేళకి జరిగాయి. నేను ఫ్లాస్కుతో నా స్థానంలోకి వెళ్లాను. మంచు బాగా పడుతోంది. కుక్క తోక ఊపింది, మేం పాతకాపులం ఇప్పుడు.

మొదటి సగం అయింది. చప్పుడు లేదు. రెండో సగం నడుస్తోంది. చప్పుడు లేదు. టీ అయిపోయింది. నేను గేటుకి ఆనుకుంటే అదృష్టం తగ్గుతుందేమో అని నిటారుగా నిలబడ్డాను. ఇలాంటివి నమ్మకూడదని పిల్లలకి పాఠం చెప్పినవాణ్ణే.

తలుపు తెరుచుకుంది. బావ వచ్చాడు, కాళ్లకి చెప్పుల్లేకుండా.

"ఎంత?" అన్నాను.

"ఏటీ నేదు. సున్నా, సున్నా. పది నిమిషాలుంది." గేటు తీశాడు. "లోపలికి రా."

"నేనొస్తే ఎలా బావా?"

"రేపు ఎల్లిపోతావు. ఇంత దూరం వచ్చి చలిలో కుక్కతో నిలబడ్డావు. మనోళ్లది ఒక్క గోలైనా చూడకుండా పంపిస్తే మీ అక్క నన్ను బతకనిస్తాదా? రా."

లోపల్నుంచి సాహూజీ, "నహీ నహీ డ్రైవర్ సాబ్! మాస్టర్‌జీ బాహర్!" అని అరిచాడు. బావ వినలేదు. నా భుజం పట్టుకుని లోపలికి తెచ్చి, సోఫాలో తన కొసన, తన చోట్లో కూర్చోబెట్టాడు. తను నా వెనకాల నిలబడ్డాడు.

బ్రెజిల్‌ని సరిగ్గా అప్పుడే చూశాను. తడిసిన పచ్చిక, ఊగుతున్న ఇటుకరంగు జెండాలు. ఒక ముసలాయన చెక్క బొగ్గింజనుని తల మీద పెట్టుకుని ఏడుస్తున్నాడు. ఖలాసీకి బంతి అందింది. ఒకణ్ణి దాటాడు. ఇంకొకణ్ణి. బావ వేళ్లు నా భుజంలో దిగాయి. కొట్టాడు. బంతి గోలు కర్రకి తగిలిన చప్పుడు నాకిప్పటికీ వినిపిస్తుంది. వెనక్కి వచ్చేసింది. ఖలాసీ మోకాళ్ల మీద పడి, ఈసారి లేవలేదు.

ఆఖరి ఈల ఊదారు, సున్నా సున్నాతోనే. నాకు తెలిసిన ఏకైక ఆట విషయం ఈలే.

నేను "బావా, నన్ను బయటే ఉంచి ఉంటే" అని ఏదో అనబోయాను. "రమ్మన్నది నేను కదా" అన్నాడు బావ. టీవీ కట్టేశాడు. రిమోట్ దాని చోట పెట్టి, గదిలోకి వెళ్లి గోడవైపు తిరిగి పడుకున్నాడు. అక్క వంటింటి గుమ్మంలో అలాగే నిలబడి, కొంగుతో చేతులు తుడుచుకుంటూనే ఉంది, తడి ఎప్పుడో ఆరిపోయినా.

తిరుగు బండి

మర్నాడు ఆట లేదు. అయినా తెల్లారేసరికి గేటు టకటకలాడింది. "సింహాచలం డ్రైవర్‌గారూ! కాల్!"

జవాబు లేదు.

అక్క మళ్లీ కొట్టింది. ఈసారి గొంతు తగ్గించి, డ్రైవర్‌గారూ కూడా లేకుండా పేరొక్కటే పిలిచింది. నేను దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాను. అది వినాల్సినవాణ్ణి నేను కాదు.

మధ్యాహ్నం స్టేషన్‌కి గీత స్కూటీ మీద బయల్దేరాను. బావ గదిలోంచి రాలేదు. బండి కదలబోతుండగా ప్లాట్‌ఫారం చివర సాహూజీ మోపెడ్ హెల్మెట్టు కనిపించింది. పక్కన బావ. గడ్డం గీసుకోలేదు. బండి కదిలింది. బావ చెయ్యి నిటారుగా ఎత్తి, అటూ ఇటూ నెమ్మదిగా ఊపాడు. నేను తలుపు దగ్గర నిలబడి రెండు చేతులూ ఊపేశాను. తీరా చూస్తే బావ చూపు నా మీద లేదు. ఆఖరి పెట్టె వైపు ఉంది. అక్కడినుంచి గార్డు పచ్చజెండా ఊపుతున్నాడు, అంతా సవ్యం అని. నాకు సంబంధం లేని ఆ సంభాషణలో కూడా నేను బయటివాణ్ణే. అయినా చేతులు దించలేదు.

విజయనగరం

ఇల్లు చేరాక అక్కకి రోజూ ఫోన్ చేశాను. "ఎలా ఉన్నాడు?" "అలాగే." మళ్లీ చేస్తే మళ్లీ "అలాగే." తర్వాత ఆ ప్రశ్న అడగడానికి భయమేసి కూరల ధరలు అడిగేవాణ్ణి.

సంక్రాంతి వెళ్లాక ఒక పొద్దున, ఇంకా వెలుగు రాలేదు, ఫోన్ మోగింది. అక్క నంబరు. రెండో మోతకి ముందే తీశాను.

"తెలుగు మాస్టారుగారూ!" బావ గొంతు. "కాల్!"

నేను ఫోను చెవికి ఇంకా దగ్గరగా పెట్టుకున్నాను.

"లేచేరా నేదా? జవాబు చెప్పాలి. నేకపోతే నేను ఫోను పెట్టను."

"లేచాను బావా. ఏమైంది?"

"ఆళ్ల రాష్ట్రం లీగు మొదలైంది. గీత ఎక్కడో పట్టింది. బొమ్మ రాదు, రేడియోనే, ఒక్క ముక్క అర్థం అవదు. అరుపులే. సాహూజీ వచ్చేడు. ఖలాసీ ఉన్నాడు, ఎక్కడికీ పోనేదు. నువ్వు ఎల్లి గేటు బయట నిల్చో."

"ఇక్కడా?"

"ఎక్కడైతే ఏటి? బయటంటే బయటే."

వెనకనుంచి అక్క ఫోన్ లాక్కుంది. "ఒరే, మీ బావ ఈమధ్య నాకంటే ముందే నెగిసిపోతన్నాడ్రా. గేటు కొట్టే పనే నేకుండా పోయింది." ఫిర్యాదు లాగే మొదలుపెట్టింది. తర్వాత గొంతు తగ్గించి, "మరింక పేరెట్టి ఎప్పుడు పిలవమంటాడు?" అంది.

మంకీ కేప్ పెట్టుకుని, శాలువా కప్పుకుని వెళ్లి గేటు బయట నిలబడ్డాను. పేపరు వేసేవాడు సైకిలు ఆపి, ఏటండీ మాస్టారూ, ఇంత పొద్దున్నే ఇక్కడ అన్నాడు.

"డ్యూటీ" అన్నాను.